సీ-బుక్ లేని బండి కొన్నారా? మీ పేరు మీదికి మార్చుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆర్సీ చేతికి రాకుండానే సెకండ్‌హ్యాండ్ బైకో, స్కూటీయో, కారో కొన్నవాళ్ల కోసం ఇది. ఇక్కడ సీ-బుక్ అన్నా ఆర్సీ అన్నా ఒకటే, బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు రెండు రాష్ట్రాలకీ వర్తిస్తాయి కాబట్టి ఫారం నంబర్లు మారవు. సర్వీస్ చార్జీలు, వెబ్‌సైట్లు, స్లాట్ పద్ధతి మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఆటోలు, లారీల్లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి పర్మిట్, ఫిట్‌నెస్ గొడవ అదనం, అది ఇక్కడ చెప్పడం లేదు.

బాండ్ పేపర్ మీద రాయించుకున్నాను, డబ్బంతా ఇచ్చేశాను. అయినా బండి నాది కాదా?

మీకూ అమ్మినతనికీ మధ్య చూస్తే మీదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం ధర మాట్లాడుకుని, డబ్బిచ్చి, బండి తెచ్చుకుంటే అమ్మకం జరిగినట్టే. పొలానికీ ఇంటికీ ఉన్నట్టు రిజిస్టర్ దస్తావేజు ఉంటేనే చెల్లుతుందనే రూలు బండికి లేదు. అయితే మోటారు వాహనాల చట్టం వేరే మాట చెబుతుంది. ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే ఓనర్. ట్రాఫిక్ పోలీసులు, ఆర్టీవో, ఇన్సూరెన్స్ కంపెనీ, యాక్సిడెంట్ కేసులు వినే ట్రిబ్యునల్ అందరూ చూసేది ఈ పేరునే. ఒక కారు వరసగా చేతులు మారినా రికార్డులో పేరు మారకపోతే, యాక్సిడెంట్ నష్టపరిహారం రిజిస్టర్ అయిన ఓనర్ మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని బాండ్ పేపర్‌ని పారేయకండి. ఎంతకి, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో చెప్పే సాక్ష్యం అదే. అందులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, సాక్షుల సంతకాలు ఉంటే రేపు కోర్టుకెళ్లినా విలువ ఉంటుంది. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన అది ఆర్సీ అయిపోదు.

సరే, మొట్టమొదట ఏం చేయాలి?

ఆర్టీవో ఆఫీసుకి పరిగెత్తకండి. ఏజెంటుకి అడ్వాన్సు అసలే ఇవ్వకండి. ముందు ఇంట్లో కూర్చునే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

నంబరు ప్లేటు మీదున్న నంబరుని ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. తెలంగాణ బండి వివరాలు అందులో దొరక్కపోతే ఆ రాష్ట్ర రవాణా శాఖ సైటులో చూడండి. ఓనర్ పేరు మొత్తం కనిపించదు, మధ్య అక్షరాలు చుక్కలుగా వస్తాయి. అయినా మోడల్, రంగు, రిజిస్టర్ అయిన తేదీ, ఏ ఆఫీసు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా అన్నవి తెలుస్తాయి. నల్ల పల్సర్ కొంటే రికార్డులో ఎర్ర స్ప్లెండర్ అని వచ్చిందనుకోండి, కథ అక్కడే ఆగిపోయింది.

తరవాత బండి మీద చెక్కిన ఛాసిస్ నంబరు చూడండి. చాలా బైకులకి హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ భాగంలో ఉంటుంది. కొత్త బండ్లకి ఇది 17 అంకెలు, అక్షరాలు కలిసిన నంబరు. గుడ్డతో తుడిచి ఫొటో తీసుకోండి. కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే నంబరు అచ్చు పడుతుంది. ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ అనేది దీన్నే, ఎలాగూ తరవాత అడుగుతారు. ఇంజిన్ నంబరు కూడా ఇలాగే తీసి పెట్టుకోండి.

దొంగబండా కాదా చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వాహన్ సమన్వయ్ అనే సదుపాయం నడుపుతోంది. నంబరు, ఛాసిస్, ఇంజిన్ వివరాలు ఇస్తే, పోలీసు రికార్డుల్లో పోయిన బండిగా ఉందా లేదా చెబుతుంది. అందులో ఏమీ రాకపోయినా పూర్తిగా నిశ్చింతగా ఉండకండి, నిన్న పోయిన బండి ఇవాళ అందులో ఎక్కి ఉండకపోవచ్చు.

చివరిగా పెండింగ్ చలాన్లు. మీరు కొనక ముందువైనా సరే, అవి ఉంటే దరఖాస్తు ఆగే అవకాశం ఎక్కువ. మొత్తం ఎంతో చూసి, ఎవరు కట్టాలో అమ్మినతనితో ఇప్పుడే తేల్చుకోండి.

ఛాసిస్ నంబరు గీకేసినట్టుంది. లేదా రికార్డుతో కలవడం లేదు.

ఇక ఆ బండి నడపకండి, ఇంకొకరికి అమ్మకండి, "మళ్లీ కొట్టిస్తాను" అనే మెకానిక్ మాట వినకండి. తుప్పు పట్టి కనపడకపోవడం వేరే సంగతి, దానికి ఎంవీఐ (బ్రేక్ ఇన్‌స్పెక్టర్) తనిఖీ ఉంటుంది. గ్రైండర్ గీతలు కనిపిస్తే మాత్రం లాయర్‌ని కలిసి, కొన్న కాగితాలు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి మీరే వెళ్లండి. దొంగసొత్తని తెలిసి దగ్గర ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. మీరే వెళ్లి చెబితే తెలియక కొన్నారన్న మాటకి బలం ఉంటుంది. చెకింగ్‌లో దొరికిన తరవాత అదే మాట చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

దొంగబండి అని తేలితే అది అసలు ఓనర్‌కే వెళ్తుంది. తనది కానిదాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు, మీరు ఎంత మంచి మనసుతో కొన్నా అంతే. మీ డబ్బు మీకు అమ్మినవాడి దగ్గరే రాబట్టుకోవాలి.

ఓనర్ తెలిసినాయనే. సీ-బుక్ పోయిందంటున్నారు. ఎలా?

మీది తేలిక కేసే. ఆర్సీ పోతే డూప్లికేట్‌కి దరఖాస్తు చేయాల్సింది రికార్డులో ఉన్న ఓనరే, మీరు కాదు. పోయినట్టు పోలీసులకి ఫిర్యాదు చేసి ఆ కాగితం తీసుకోవాలి. ఫారం 26 నింపాలి. ఆన్‌లైన్ దరఖాస్తుకి ఛాసిస్ నంబరు చివరి ఐదు అక్షరాలు, ఓనర్ ఫోన్‌కి వచ్చే ఓటీపీ కావాల్సి వస్తుంది. ఆ పాత ఫోన్ నంబరు ఇప్పుడు వాడుకలో లేకపోతే ముందు నంబరు మార్పించుకోవాలి, చాలామంది పని ఆగేది ఇక్కడే.

డూప్లికేట్ వచ్చాక బదిలీ. ఓనర్ ఇచ్చేది ఫారం 29, మీరు ఇద్దరూ కలిసి ఇచ్చేది ఫారం 30. వీటితో పాటు చెల్లే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, అడ్రస్ రుజువు, పెన్సిల్ ప్రింట్. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలియజేయాలి. గడువు దాటినా దరఖాస్తు తీసుకుంటారు, ఆలస్యానికి అదనంగా కట్టించుకుంటారు. కేంద్ర నిబంధనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు బైకుకి 300, సొంత కారుకి 600 రూపాయలు. బదిలీకి, డూప్లికేట్‌కి అందులో సగం. దాని మీద రాష్ట్రం సర్వీస్ చార్జీ, కార్డు, పోస్టు ఖర్చు పడతాయి.

"పోయింది" అన్న మాటని మాత్రం ఒకసారి గట్టిగా అడగండి. మన దగ్గర సీ-బుక్ తాకట్టు పెట్టి చేబదులు తీసుకోవడం మామూలే. పుస్తకం ఫైనాన్స్ అతని బీరువాలో ఉండగా పోయిందని పోలీసులకి రాసిస్తే అది అబద్ధపు ఫిర్యాదు. రేపు ఆ ఫైనాన్స్ అతను బండి దగ్గరికి వస్తే ఎదురు నిలవాల్సింది మీరు. అప్పు తీర్చి అసలు పుస్తకం తెచ్చుకోవడమే మేలు, ఆ మొత్తాన్ని బండి ధరలోంచి తగ్గించుకోండి.

కార్డు చేతిలో లేకపోవడం, రికార్డు సరిగ్గా ఉండకపోవడం ఒకటి కాదు. డిజీలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో చూపించే ఆర్సీ కూడా చెల్లుతుంది. రికార్డు శుభ్రంగా ఉంటే కార్డు పోవడం చిన్న పనే.

నాకు అమ్మినాయన పేరు మీద కూడా బండి లేదు. మధ్యలో ఇద్దరు ముగ్గురు చేతులు మారింది.

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే. ఆర్టీవో రికార్డులో ఆ మధ్యవాళ్లెవరూ లేరు కాబట్టి ఆఫీసుకి కావాల్సింది మొదటి ఓనర్ సంతకం. గొలుసుని వెనక్కి పట్టుకుంటూ పోవాలి. మీకు అమ్మినాయన్ని, ఆయనకి అమ్మినాయన్ని అడుగుతూ వెళ్లండి. ఒక్కొక్కరి దగ్గరా ఎవరికి, ఎప్పుడు, ఎంతకి అమ్మారో ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి. ఎక్కడైనా గొలుసు తెగితే ఇన్సూరెన్స్ కాగితం, మొదట అమ్మిన షోరూం, సర్వీసింగ్ బిల్లు, పాత చలాను ఏదో ఒక దాంట్లో పేరో ఊరో దొరుకుతుంది. ఆర్సీ పర్టిక్యులర్స్ అని వివరాల నకలు ఇచ్చే సర్వీసు కూడా ఉంది, మీకు ఇస్తారో లేదో ఆఫీసులో కారణం చెప్పి రాతపూర్వకంగా అడగండి.

మొదటి ఓనర్ దొరికాక ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. "అన్నా, మీ బండి కొన్నాను, పేపర్లు ఇవ్వండి" అంటే ఎప్పుడో అమ్మేసిన బండి గురించి ఆయనకి అనుమానమే వస్తుంది. "ఈ బండి ఇంకా మీ పేరు మీదే ఉంది, చలాన్లు మీకే వస్తాయి, యాక్సిడెంట్ అయితే కోర్టు నోటీసు మీ ఇంటికే వస్తుంది" అని రికార్డు తీసి చూపించండి. పేరు మారడం మీకెంత అవసరమో ఆయనకీ అంతే అవసరం. ఒక పూట పని మానుకుని వస్తారు కాబట్టి దారి ఖర్చులు ఇవ్వడం మర్యాద.

అప్పట్లో ఓనర్ ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. అవి చాలవా?

వెనకటి రోజుల్లో చాలేవి. ఇప్పుడు ఓటీపీ, ఆధార్ వచ్చాక ఓనర్ ఫోన్ లేకుండా దరఖాస్తు ముందుకు కదలడం కష్టం. సంతకం పాత రికార్డుతో కలవకపోతే ఓనర్‌ని తీసుకురమ్మంటారు. ఫారాలు ఉన్నాయి కదా అని ఏజెంటు ఖాళీల్లో తనకి తోచిన తేదీ వేసి, చాలని చోట సంతకం తనే గీకితే అది ఫోర్జరీ. కేసయితే లాభపడ్డవాళ్లు ఎవరని చూస్తారు, ఏజెంటు పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఓనర్ ఉన్నారు, కానీ రానంటున్నారు. లేదా ఇంకో ఇరవై వేలు ఇస్తేనే సంతకం అంటున్నారు.

ముందు పెద్దమనిషి ద్వారా మాట. తరవాత రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు తిరిగి వచ్చేలా, ఒక ఉత్తరం. అందులో ఫలానా తేదీన ఫలానా మొత్తానికి కొన్నాను, ఫారం 29, 30 సంతకం చేసి ఇవ్వడం మీ బాధ్యత, ఇన్ని రోజుల్లో ఇవ్వకపోతే చట్టపరంగా వెళ్తాను అని రాయండి. నకలు ఆర్టీవోకి పంపండి. ఆర్టీవో దాన్ని బట్టి పేరు మార్చరు, కానీ మీరు అడిగారనడానికి రికార్డు ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు, ఆ పైన సివిల్ కోర్టు. కొన్న చోటు దుకాణమో డీలరో అయితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు, ఖర్చు తక్కువ. కారు, ట్రాక్టరు లాంటి వాటికి కోర్టు దారి అర్థవంతమే. పాతిక వేల బైకుకి లాయర్ ఫీజు, వాయిదాలు లెక్కేస్తే గిట్టదు. ఆయన అడిగేదాంట్లో సగానికి ఒప్పించి రసీదు రాయించుకుని, సంతకం ఆర్టీవో ఆఫీసులోనే పెట్టించడం నయం. డబ్బు కూడా అక్కడే ఇవ్వండి, ముందు కాదు.

ఎంత వెతికినా ఓనర్ దొరకడం లేదు.

దగ్గరదారి లేదు. పేపర్లో ప్రకటన ఇస్తే సరిపోతుందని, అఫిడవిట్ వేస్తే పేరు మారుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. అవి వెతికారనడానికి సాక్ష్యాలు మాత్రమే. రికార్డులోని అడ్రస్‌కి పంపిన ఉత్తరం "ఇల్లు ఖాళీ చేశారు" అని తిరిగొస్తే ఆ కవరు తెరవకుండా దాచండి. కొన్న రసీదులు, గొలుసు కాగితాలు, దొంగబండి కాదన్న తనిఖీ, తిరిగొచ్చిన కవర్లు అన్నీ కలిపి ఆర్టీవోకి దరఖాస్తు పెట్టి, లిఖితపూర్వక జవాబు అడగండి. కాదంటే ఆ జవాబు పట్టుకుని సివిల్ కోర్టులో మీ హక్కుని ప్రకటించమని దావా వేయొచ్చు. తీర్పు వస్తే ఆఫీసు దాని ప్రకారం చేస్తుంది.

ఇంత కష్టపడదగ్గ బండేనా అన్నది మీరే లెక్క వేసుకోవాలి. మామూలు బైకు అయితే అమ్మినవాడి నుంచి డబ్బు వెనక్కి రాబట్టే ప్రయత్నమే మంచిది. పాత జావానో, తాతలనాటి జీపో అయితే మనసు ఒప్పుకోదు, అది వేరే లెక్క.

ఓనర్ చనిపోయారని తెలిసింది.

బండి ముందు వారసుల పేరు మీదికి రావాలి, తరవాత మీ పేరు మీదికి. వారసుడు ఫారం 31 ఇవ్వాలి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు తమకి అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు కావాలి. చనిపోయిన 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలని నిబంధన. గడువు దాటిపోయి ఉంటే ఆలస్యానికి కట్టాల్సింది కట్టాలి. ఆర్సీలో నామినీ పేరు ఎక్కించి ఉంటే వారసుల పని ఇంకా తేలికవుతుంది.

అన్నదమ్ముల మధ్య ఆస్తి గొడవలు నడుస్తుంటే ఒక్క కొడుకు సంతకం నమ్మి డబ్బు ఇవ్వకండి. చనిపోయినాయన ముందే పెట్టిన ఖాళీ సంతకాల ఫారం ఉన్నా, మరణం తరవాతి తేదీ వేసి వాడకండి.

ఓనర్ అమెరికా వెళ్లిపోయారు. వాళ్ల నాన్నగారు మాత్రం ఉన్నారు.

హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లో ఇది బాగా ఎక్కువ. ఎమ్మెస్‌కి వెళ్తూ స్నేహితుడికి బైకు ఇచ్చేసి పోతారు, ఆ స్నేహితుడు మీకు అమ్మేస్తాడు. నాన్నగారి సంతకం ఓనర్ సంతకం కాదు. ఓనర్ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ నాన్నగారి పేరున పంపొచ్చు. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, కొనేవారి పేరు, ఫారాల మీద సంతకం చేసే అధికారం అన్నీ అందులో స్పష్టంగా ఉండాలి. పంపించక ముందే మీ ఆర్టీవో ఆఫీసులో నమూనా చూపించి ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. ఆయన సంక్రాంతికో, పెళ్లికో వస్తున్నారంటే మాత్రం ఆ తేదీలకి స్లాట్ బుక్ చేసుకోవడమే సుఖం.

రికార్డులో ఫైనాన్స్ చూపిస్తోంది. అప్పు ఎప్పుడో తీరిపోయిందంటున్నారు.

తీరిందనడానికి నోటి మాట చాలదు. ఫైనాన్స్ ఇచ్చిన సంస్థ ఫారం 35 మీద సంతకం చేసి, అభ్యంతరం లేదన్న లెటర్ ఇవ్వాలి. అప్పుడే హైపోథికేషన్, అంటే ఆర్సీలో ఎక్కిన అప్పు నమోదు, తొలగుతుంది. ఫైనాన్షియర్ ఒప్పుకోకుండా పేరు మార్చరు.

ఇచ్చిన బ్యాంకు ఇప్పుడు లేకపోతే అది కలిసిన బ్యాంకుని పట్టుకోండి. ఆర్సీలో ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే 2020 ఏప్రిల్ 1 నుంచి అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. పాత లోన్ నంబరు ఉంటే పని త్వరగా అవుతుంది, లేకపోతే ఓనర్ పాన్, ఆధార్‌తో వెతికిస్తారు. ఊళ్లో చిన్న ఫైనాన్స్ మూసేసి ఉంటే దాని భాగస్వాములు ఎవరో కనుక్కుని వాళ్ల చేత రాయించుకోవాలి. ఇది విసుగు పుట్టించే పని.

బ్యాంకు సీజ్ చేసిన బండిని వేలంలో కొన్నాను.

వేలం పాట రసీదుతో తృప్తి పడొద్దు. అప్పు కట్టని ఓనర్ దగ్గర బండి స్వాధీనం చేసుకున్న సంస్థ, ఓనర్ ఆర్సీ ఇవ్వకపోతే ఫారం 36 ద్వారా ముందు తన పేరు మీద కొత్త ఆర్సీ తీసుకోవాలి. ఆఫీసు పాత ఓనర్‌కి నోటీసు ఇస్తుంది. ఆ తరవాతే మీ పేరు. ఈ పని ఎవరు చేస్తారు, ఎన్ని రోజుల్లో చేస్తారు అన్నది పాట పాడక ముందే రాతలో తీసుకోండి.

పోలీసుల వేలంలో కొన్నాను. దానికి ఆర్సీ అసలు లేదు.

సీ-బుక్ లేకుండా దొరికే బండ్లలో కాగితాలు సాఫీగా వచ్చేది దీనికే, చాలామందికి తెలియదు. పోలీసులో, ఎక్సైజ్ వాళ్లో, సైన్యమో, ఇలా ప్రభుత్వం వేసిన బహిరంగ వేలంలో కొన్నవారికి విడిగా ఫారం 32 ఉంది. బండి స్వాధీనం చేసుకున్న 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. వేలం వేయమని ఇచ్చిన ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు, అమ్మకాన్ని ఖాయం చేసిన పత్రం, డబ్బు కట్టిన రసీదు జత చేయాలి. బండికి నంబరే లేకపోయినా, ఉన్న నంబరు దొంగ నంబరని తేలినా, ముందు వేలం వేసిన ప్రభుత్వ శాఖ పేరున కొత్త నంబరు ఇచ్చి, దాన్నే మీ పేరుకి బదిలీ చేస్తారు. పాత ఓనర్ సంతకంతో పని లేదు.

ఒక్క షరతు. వేలం ప్రకటనలో "స్క్రాప్" అని ఉంటే ఆ బండి రోడ్డెక్కదు, విడిభాగాలకే. పాట పాడే ముందు ప్రకటనని రెండుసార్లు చదవండి. తుక్కు కింద అమ్మిన బీఎస్-3 (పాత పొగ ప్రమాణం) లారీలని బీఎస్-4 (దాని తరవాతి ప్రమాణం) అని చూపించి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి అనంతపురం జిల్లాకి తెచ్చారన్న కేసు 2020లో పెద్ద దుమారమే లేపింది. తుక్కుకి పేపర్లు పుట్టించే పని ఎక్కడిదాకా వెళ్తుందో అందులో చూశాం.

నేను ఉండేది గుంటూరు. బండి నంబరు ఏపీ 10. ఆంధ్ర నంబరే కదా?

కాదు. ఏపీ 9 నుంచి 13 వరకు హైదరాబాద్, 28, 29 రంగారెడ్డి, 36 వరంగల్, 15 కరీంనగర్. 2014 జూన్ 2కి ముందు ఇచ్చిన ఈ నంబర్ల రికార్డు ఇప్పుడు తెలంగాణ దగ్గర ఉంది. అలాగే ఖమ్మంలో ఉండి ఏపీ 16 బండి కొంటే అది కృష్ణా జిల్లాది, ఆంధ్ర రికార్డు. మీది వేరే రాష్ట్రం బండి కిందే లెక్క కాబట్టి ఓనర్ చేత ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయించాలి. ఎన్‌వోసీ ఇచ్చే ముందు దొంగతనం కేసు లేదని పోలీసు రిపోర్టు, పన్ను బకాయి లేదని చూస్తారు. 30 రోజుల్లో కాదని చెప్పకపోతే ఇచ్చినట్టే భావించాలని చట్టం 48వ సెక్షన్‌లో ఉంది. అందుకే దరఖాస్తు రసీదు జాగ్రత్త.

ఢిల్లీ, కర్ణాటక, పుదుచ్చేరి కార్లకీ ఇదే దారి. ఢిల్లీ కారు చవగ్గా ఉందని తెచ్చుకునేవాళ్లు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ ముందే కలుపుకుని ధర చూసుకోవాలి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే.

బండికి ఇంకా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరే ఉంది. మొదటి ఓనర్ పర్మనెంట్ చేయించలేదు.

అప్పుడు బదిలీ కాదు, మొదటి రిజిస్ట్రేషనే కావాలి. షోరూం ఇన్వాయిస్, సేల్ సర్టిఫికెట్ ఫారం 21, ఫారం 22, ఇన్సూరెన్స్ నకళ్లు షోరూంలో అడగాలి. ఇన్వాయిస్ పేరున్నాయన చేత ఫారం 20 వేయించి, టాక్స్ బకాయి, ఆలస్యపు రుసుము కట్టాలి. బీఎస్-4 బండి అయితే చిక్కు ఎక్కువ. 2020 మార్చి 31తో వాటి అమ్మకం, రిజిస్ట్రేషన్ ఆపేయమని సుప్రీంకోర్టు ఆదేశం. ఆ తేదీకి ముందు అమ్మినట్టు, అప్పుడే ఆన్‌లైన్‌లో ఎక్కినట్టు రుజువు లేకపోతే ఆ బండి కొనకండి.

బండికి పదిహేనేళ్లు దాటాయి.

సొంత బండి ఆర్సీ 15 ఏళ్లకి, తరవాత అయిదేళ్లకోసారి రెన్యువల్. గడువు తీరిన ఆర్సీ మీద బదిలీ జరగదు, ముందు ఫారం 25తో రెన్యువల్, దానికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ. రెన్యువల్ ఫీజు బైకుకి 1,000, కారుకి 5,000. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి బైకుకి 2,000, కారుకి 10,000. ఆలస్యమైతే బైకుకి నెలకి 300, కారుకి 500 అదనం, గ్రీన్ టాక్స్ వేరే. నాలుగేళ్లు పట్టించుకోని బైకుకి ఆలస్యపు రుసుమే 14,400 అవుతుంది. ధర మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి.

పేపర్లు వచ్చేదాకా నడపొచ్చా?

రిజిస్ట్రేషన్ గడువు ఉండి, ఇన్సూరెన్స్ చెల్లుతుంటే, వేరొకరి పేరున ఉన్న బండి నడపడం దానంతట అదే నేరం కాదు. ఆ రెండిట్లో ఏది లేకపోయినా బయటికి తీయకండి. రిజిస్ట్రేషన్ లేని బండికి చట్టంలో మొదటిసారి 2,000 నుంచి 5,000 జరిమానా, బండి పట్టుకుపోయే అధికారం కూడా ఉంది. ఇన్సూరెన్స్ లేకపోతే 2,000 లేదా మూడు నెలల జైలు లేదా రెండూ.

ఇన్సూరెన్స్ పాత ఓనర్ పేరున ఉంటే, ఎవరికైనా తగిలించినప్పుడు వాళ్లకి అందాల్సిన థర్డ్ పార్టీ పరిహారం వరకు అది మీతో పాటే వస్తుంది. మీ బండికి దెబ్బ తగిలితే, దొంగతనం జరిగితే క్లెయిమ్‌కి మాత్రం పాలసీ మీ పేరుకి మారి ఉండాలి. కొన్న 14 రోజుల్లో కంపెనీకి తెలియజేయాలి.

ఏజెంటు పదివేలు ఇస్తే వారంలో ఆర్సీ తెస్తానంటున్నారు.

ఫారాలు నింపి, స్లాట్ బుక్ చేసి, క్యూలో నిలబడేందుకు డబ్బు తీసుకుంటే తప్పేం లేదు, మీకు సమయం మిగులుతుంది. ఓనర్ రాకుండానే అంటున్నారా, సంతకం మేం చూసుకుంటాం అంటున్నారా అని అడగండి. అవునంటే లేచి వచ్చేయండి. అలా వచ్చిన కార్డుని నంబరు కొట్టి చూస్తే రికార్డులో పాత పేరే ఉంటుంది.

నేను అమ్మినవాణ్ణి. కొన్నతను పేరు మార్చుకోలేదు, చలాన్లు నాకే వస్తున్నాయి.

మీరే ముందుగా ఫారం 29తో ఆర్టీవోకి తెలియజేయండి. కొన్నతని పేరు, అడ్రస్, అమ్మిన తేదీ, రసీదు నకలు జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దాంతో మీ పేరు పోదు, కానీ రేపు ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి కాగితం ఉంటుంది. చలానా ఫొటోలో నడుపుతున్నది మీరు కాదని కనిపిస్తే ట్రాఫిక్ పోలీసులకి ఆ రసీదుతో ఫిర్యాదు పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ బండ్ల కన్సల్టెన్సీలో బండి చూశాను, పేపర్లు నెలలో వస్తాయంటున్నారు. కొనొచ్చా?

2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్‌హ్యాండ్ బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఓనర్ తన బండిని అలాంటి డీలర్‌కి అప్పగించేటప్పుడు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అమ్ముడయ్యేదాకా ఆ డీలరే ఓనర్ కింద లెక్క. డూప్లికేట్, రెన్యువల్, ఎన్‌వోసీ, బదిలీ దరఖాస్తులు ఆ డీలరే వేయొచ్చు. అందుకని ఆ అనుమతి పత్రం, ఈ బండి మీద ఇచ్చిన 29సి నకలు రెండూ చూపించమనండి. చూపిస్తే అడ్వాన్సు ఇచ్చి, పేరు మారాకే మిగతా డబ్బు అని రసీదులో రాయించుకోండి. చూపించకపోతే ఇంకో బండి చూసుకోండి.